రెండేళ్ళ నర్సు

1987 జూన్ 14, ఆదివారం. నరసరావుపేట

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్ళు డాక్టరు గారికిచ్చింది. ఆయన నిన్న నాకిచ్చారు. ముందున్న ఐదున్నర నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి. అలాగే ఉండనీ. ఆ నెలల్లో నాన్న పోవడం తప్ప ఇంకేమీ జరగలేదు.

రేపటి నుంచి ఉద్యోగం. పల్నాడు రోడ్డులో త్రికోటేశ్వరరావు గారు కొత్తగా నర్సింగ్ హోం పెట్టారు. పది మంచాలు. మూడేళ్ళలో ఊళ్ళో ఇది నాలుగోదట. నేను పంతొమ్మిదేళ్ళ పిల్లగా ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఇక్కడ జబ్బు చేస్తే సర్కారు ఆసుపత్రి, అక్కడ కాదంటే గుంటూరు. ఇప్పుడు సందు తిరిగితే ఎర్ర ప్లస్సు గుర్తు కనపడుతోంది. అన్ని చోట్లా నర్సులు కావాలి, నర్సులు లేరు. పదేళ్ళు అక్కడ పనిచేసి, నాన్నకు పక్షవాతం వచ్చిందని అన్నీ వదిలేసి వచ్చిన దాన్ని. పద్దెనిమిది నెలలు ఆయన మంచం పక్కనే గడిచాయి. మళ్ళీ అక్కడికి వెళ్ళబుద్ధి కాలేదు. ఇలా సొంత ఊళ్ళోనే పని దొరకడం దేవుడి దయ కాక ఇంకేమిటి?

ఇంటర్వ్యూ అంటే రెండు ప్రశ్నలు. "ఇంగ్లండులో ఎన్నేళ్ళు చేశారమ్మా?" పదేళ్ళన్నాను. "నర్సింగు అక్కడే చదివారా?" అక్కడే అన్నాను. రెండూ నిజమే. ఏ నర్సింగు అని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

అన్నయ్య సంతోషం చెప్పనలవి కాదు. ఆయిల్ ఇంజన్లు, స్ప్రే పంపులు బాగుచేసే షెడ్డు ఆయనది. మధ్యాహ్నానికే మూసేసి వచ్చాడు. అబిదా వదిన సేమ్యా చేసింది. "నర్సమ్మగారికి ఇంకొంచెం వెయ్యవే," అని అన్నయ్య పదిసార్లు అని ఉంటాడు. 

జూన్ 15, సోమవారం

తెల్లచీర కట్టుకుని వెళ్ళాను. కాంపౌండరు మౌలాలీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, నాకు సిగ్గేసింది.

మూడో మంచం మీద ముసలావిడ, తుంటి విరిగింది. మూడు రోజులుగా అదే దుప్పటి. కూతురు భోజనానికి వెళ్ళింది. నేను గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, రెండు తువ్వాళ్ళు తెచ్చుకుని ఆవిడ ఒళ్ళు తుడిచి, మెల్లగా పక్కకు తిప్పి, దుప్పటి మార్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. అంతలో కూతురొచ్చింది. "అయ్యో, పెద్ద నర్సమ్మ చేత ఈ పనులేంది? మేం లేమా," అని నా చేతిలో తువ్వాలు లాక్కుంది.

డాక్టరు గారు పిలిపించారు. "మహమూదా గారూ, ఒళ్ళు కడగటానికి ఆయా పున్నమ్మ ఉంది. వాళ్ళ మనుషులుంటారు. మీది ఇంజక్షన్, టెంపరేచరు, బీపీ. మీరే గుడ్డలు పిండుతుంటే రేపు మిమ్మల్ని నర్సని ఎవరనుకుంటారు?"

పదేళ్ళు నేను అక్కడ చేసింది అదే. ఒళ్ళు కడగడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం, నోరు శుభ్రం చేయడం, అన్నం తినిపించడం. ఆ మాట ఆయనతో అనలేదు.

పున్నమ్మ ఇరవై ఏళ్ళు సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. సాయంత్రం బక్కెట్లు కడుగుతూ, తల ఎత్తకుండా అంది: "నువ్వు ముసలామెను తిప్పిన తీరు చూశానమ్మా. పెద్ద నర్సులు అట్టా చెయ్యి పెట్టరు." మెచ్చుకుందో, పట్టేసిందో తెలియలేదు.

జూన్ 19

బోర్డు కట్టారు. డాక్టరు గారి పేరు కింద నా పేరు. "లండన్ రిటర్న్‌డ్ హెడ్ నర్స్" అని ఎర్ర అక్షరాలు. లండన్ నేను చూసింది రెండుసార్లు, విమానం దిగినప్పుడూ ఎక్కినప్పుడూ. నేనున్నది బ్రాడ్‌ఫర్డ్‌లో. అది చెప్పబోతే డాక్టరు గారు నవ్వారు. "పల్నాటి వాళ్ళకు ఇంగ్లండంతా లండనేనమ్మా."

అదీ నిజమే.

జులై 3, శుక్రవారం

ఇది నా డైరీ. ఇందులో కూడా దాచిపెడితే ఇక రాసి ఏం లాభం?

మా మేనమామ బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లులో పనిచేసేవాడు. డెబ్బై అయిదులో అక్కడి ఆసుపత్రికి అప్లికేషన్ పెట్టించి నన్ను పిలిపించాడు. ఆ దేశంలో నర్సు చదువు రెండు రకాలు. మూడేళ్ళది చదివితే పెద్ద నర్సు. వార్డు నడుపుతుంది, ఏ దేశం వెళ్ళినా ఆ కాగితం చెల్లుతుంది. రెండేళ్ళది చదివితే చిన్న నర్సు. పెద్ద నర్సు చెప్పినట్టు చేయాలి, ఎన్నేళ్ళు చేసినా ఆ మెట్టు మీదే ఉండాలి. ఈ తేడా మాకెవరూ చెప్పలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టాను. నాతో చేరిన మలయాళీ అమ్మాయిలు, జమైకా నుంచి వచ్చిన వెరోనికా, అందరం రెండేళ్ళదాంట్లోనే తేలాం. తెల్లపిల్లలంతా మూడేళ్ళదాంట్లో ఉన్నారు. రెండేళ్ళకే అయిపోతుందట అని నేను నాన్నకు ఎగురుతూ ఉత్తరం రాశాను.

పాసయ్యాక "నర్సునయ్యాను" అని రాశాను. నాన్న బజారంతా మిఠాయి పంచాడట. అప్పటికి నాకు తేడా తెలిసింది. కానీ పంచిన మిఠాయి వెనక్కి తీసుకోగలమా?

నేనేమీ అబద్ధం ఆడలేదు. నర్సునే. అడిగితే చెప్పేదాన్నే. ఎవరూ అడగలేదు.

జులై 22

మౌలాలీ తెలిసినవాళ్ళమ్మాయి సౌదీ వెళ్ళిందట. "మీలాంటోళ్ళకు అక్కడ రెడ్ కార్పెట్ అక్కా," అంటాడు. సౌదీకైనా, మన సర్కారు ఉద్యోగానికైనా ముందు హైదరాబాదులో నర్సుల కౌన్సిల్లో పేరు ఎక్కాలి. ఏప్రిల్లోనే నా సర్టిఫికెట్ నకలు పంపాను. రేపో మాపో వస్తుంది.

వదిన మళ్ళీ పెళ్ళి సంగతి ఎత్తింది. "కౌన్సిల్ ఉత్తరం రానీ," అన్నాను. ఆ రెంటికీ సంబంధమేమిటో ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఆగస్టు 7

కౌన్సిల్ ఉత్తరం వచ్చింది.

ఆగస్టు 8

ఉక్క. వాన లేదు.

ఆగస్టు 11, మంగళవారం

"మీ రెండేళ్ళ శిక్షణ జనరల్ నర్సింగుకు సమానం కాదు. పేరు నమోదు చేయుటకు వీలు లేదు." నాలుగు లైన్లు. కింద ఎవరిదో సంతకం, చదవడానికి రాదు.

అదే వారం వెరోనికా ఉత్తరం కూడా. అక్కడా రోజులు మారుతున్నాయట. మా రెండేళ్ళ చదువే ఎత్తేస్తారని వార్డులో అందరూ చెప్పుకుంటున్నారట. తను రాత్రింబవళ్ళు చదివి మూడేళ్ళ పరీక్షకు కడుతోందట. "నువ్వు అదృష్టవంతురాలివి, నీ ఊళ్ళో హెడ్ నర్సువి," అని రాసింది. ఆ ముక్క నేనే కదా తనకు రాశాను.

అంటే నా చదువు ఇక్కడ లేదు, ఇక ముందు అక్కడా ఉండదు. నాకు మిగిలింది బోర్డు మీద ఎర్ర అక్షరాలు. 

చానా సేపు కూర్చున్నాను. (చానా అని రాశాను. పదేళ్ళు ఎక్కడున్నా మాట పోలేదు. సంతోషం.)

సెప్టెంబరు 2

గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగు స్కూలుకు ఉత్తరం రాశాను. ఊరికే. తెలుసుకోవడానికి.

సెప్టెంబరు 21, సోమవారం

జవాబొచ్చింది. మర్యాదగా, నీటుగా టైపు చేసిన ఉత్తరం. కొత్త బ్యాచి ఫిబ్రవరిలో. మూడేళ్ళు. వయసు ముప్ఫై దాటకూడదు. నాకు ముప్ఫై ఒకటి. అయితే రోగుల దగ్గర పనిచేస్తున్న వాళ్ళకు వయసు సడలిస్తారట. దానికి పనిచేయించుకుంటున్న డాక్టరు ఉత్తరం ఇవ్వాలి. అందులో ఆ మనిషి ఏ హోదాలో, ఏ పని చేస్తోందో ఉన్నదున్నట్టు ఉండాలి. సర్టిఫికెట్‌కూ ఉత్తరానికీ తేడా ఉంటే అప్లికేషన్ చెల్లదు.

ఉన్నదున్నట్టు.

నా వయసుకు మళ్ళీ మూడేళ్ళు పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోవడమా? అనవసరం. ఇక్కడ నాకేం తక్కువ? డాక్టరు గారు మంచివారు. మౌలాలీ అక్కా అంటాడు. పున్నమ్మ తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి పెడుతుంది. ఉత్తరం ట్రంకు పెట్టె అడుగున పడేశాను.

అక్టోబరు 1

తెల్లదోమ. పత్తి చేలన్నీ ఒకటే గోల. అన్నయ్య షెడ్డు ముందు స్ప్రే పంపులు బారులు తీరాయి. వారంలో మూడు రోజులు పురుగుమందు కొడుతున్నారట. బజారుకి వెళ్ళినా మందు వాసనే. మాకు రోజుకొకరన్నా కళ్ళు తిరిగి, వాంతులై వస్తున్నారు.

అక్టోబరు 8, గురువారం

చేతులు ఇంకా సబ్బు వాసన వస్తున్నాయి. రాయాలి. వరసగా రాయాలి.

పదకొండింటికి నాదెండ్ల నుంచి ట్రాక్టరులో తెచ్చారు. యల్లమంద అనే రైతు, ముప్ఫై ఐదేళ్ళు. వీపు మీద పంపు కారుతున్నా ఆపకుండా మందు కొట్టాడట. చేలోనే పడిపోయాడు. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు గుండుసూది మొనంత. వణుకుతుంటే చలి అనుకుని, మందుతో తడిసిన చొక్కా మీదే కంబళి కప్పి, దాని మీద దుప్పటి చుట్టి తెచ్చారు.

డాక్టరు గారు గుంటూరు వెళ్ళారు. యల్లమంద భార్య సుందరమ్మ నా కాళ్ళు పట్టుకుంది. "లండన్ నర్సమ్మవంట గదమ్మా. నువ్వే దిక్కు."

మౌలాలీ సెలైన్ సీసా వేలాడదీసి, సూది నా చేతిలో పెట్టాడు. హెడ్ నర్సును కదా. 

నేను పదేళ్ళలో ఒక్కసారి కూడా నరానికి సూది పెట్టలేదు. అక్కడ ఆ పని డాక్టరుది, ఇక్కడా ఇన్నాళ్ళూ డాక్టరు గారే పెట్టేవారు. నాకు నేర్పలేదు. సూది పట్టుకుని నిలబడ్డాను. హాలంతా నా వంకే చూస్తోంది. ఎంతసేపో తెలియదు, నాకైతే పూటంత అనిపించింది. పెడితే ఏమవుతుంది, ఒకసారి ప్రయత్నిద్దాం, అని కూడా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను అల్లా క్షమించాలి.

"నాకు రాదు మౌలాలీ," అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. సూది తీసుకున్నాడు. "ఈ యేడు ఇంత ముదిరినోళ్ళల్లో ఇది తొమ్మిదో కేసక్కా. నేను పెడతాలే," అన్నాడు, అదేదో మామూలు మాట లాగా. ఒక్క పోటుకే నరం దొరికింది. తర్వాత గుంటూరుకు ఫోను కలిపి, ఏ ఇంజక్షను ఎన్ని నిమిషాలకోసారో డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టాడు. 

అప్పుడు కంబళి చూశాను. మందు వాసన గుప్పుమంటోంది. పురుగుమందు గురించి నాకు బ్రాడ్‌ఫర్డ్‌లో ఎవరూ చెప్పలేదు. కానీ ఒంటికి అంటుకున్న తడిగుడ్డ ఆ ఒంటిని ఏం చేస్తుందో నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. చేతులకు గ్లవ్స్ తొడుక్కున్నాను. "పున్నమ్మా, నీళ్ళు. సబ్బు. కత్తెర."

యల్లమంద బావమరిది మంచానికి అడ్డం నిలబడ్డాడు. "ఏందమ్మా ఇది? వణికిపోయే మనిషికి నీళ్ళు పోస్తారా? జన్ని పట్టి పోతాడు."

సుందరమ్మ కూడా లేచింది. "మగమనిషికి నువ్వు నీళ్ళు పోయటమేంది తల్లీ. సూదులెయ్యి."

"చూడమ్మా," అన్నాను. "మందు ఇంకా నీ మొగుడి ఒంటిమీదే ఉంది. చొక్కాలోంచి ఒంట్లోకి దిగుతానే ఉంది. పైనుంచి దిగుతున్నంతసేపు ఏ సూదీ పనిచెయ్యదు. పక్కకు జరుగు."

ఆ గొంతు నాది కాదు, బ్రాడ్‌ఫర్డ్‌లో మా వార్డు నడిపిన సిస్టర్‌ది. ఆవిడ దగ్గర నేను ఎన్ని తిట్లు తిన్నానో లెక్క లేదు. ఇవాళ ఆవిడకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

వాళ్ళు జరగలేదు. బక్కెట్టు పట్టుకొచ్చిన పున్నమ్మ బావమరిదిని భుజంతో తోసేసి, "పోతే మా మీద ఏడవండిరా. బతికితే మీ ఇంటికి తీసకపోండి," అంది. చొక్కా, పంచె కత్తిరించి బయట పడేశాం. తల నుంచి పాదాల దాకా కడిగాం. జుట్టు, చెవుల వెనక, చంకలు, గోళ్ళ సందులు. ఒకసారి కాదు, మూడుసార్లు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరికి అడ్డం రాకుండా నోట్లో నురగ తుడుస్తూ కూర్చున్నాను. మౌలాలీ ఇంజక్షను వేస్తూనే ఉన్నాడు. ముగ్గురం భోజనం మాట మర్చిపోయాం.

నాలుగింటికి నోరు ఆరింది. కంటిపాప విచ్చుకుంది. "దాహం," అన్నాడు.

ఐదింటికి డాక్టరు గారు వచ్చి, చూసి, మా ముగ్గురి వంకా చూసి, తర్వాతి ఇంజక్షను తనే వేశారు. 

అక్టోబరు 10

యల్లమంద ఇడ్లీ తిన్నాడు. దేవుడా, నీకు వేల వేల కృతజ్ఞతలు. మౌలాలీకి, పున్నమ్మకు కూడా.

ఊళ్ళో మాత్రం పేరు నాది. "లండన్ నర్సు బతికించింది." అన్నయ్య షెడ్డుకు వచ్చినవాళ్ళందరికీ అదే కథ. సూది పెట్టింది మౌలాలీ అని నేను చెబితే, "నీ మంచితనం కొద్దీ అంటావు," అంటున్నారు.

అక్టోబరు 12, సోమవారం

చెప్పేశాను.

పొద్దున డాక్టరు గారు బోర్డు ఇంకా పెద్దది చేయిస్తానన్నారు. నా ఫోటో కూడా పెట్టిస్తారట. నేను సర్టిఫికెట్, కౌన్సిల్ ఉత్తరం, రెండూ ఆయన టేబుల్ మీద పెట్టి, నిలబడే అంతా చెప్పాను. రెండేళ్ళ చదువు, చిన్న నర్సు, హెడ్ నర్సు పని ఒక్కరోజు కూడా చేయలేదని.

ఆయన రెండు కాగితాలూ చదివారు. మడిచి నా వైపు తోశారు. "ఇవన్నీ ఇక్కడెవరడిగారమ్మా?"

ఎవరూ అడగలేదు. ఆ మాట ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదే. ఇంకొకరి నోట వింటే ఎంత నీచంగా ఉందో అప్పుడు తెలిసింది.

"నేనే అడుగుతున్నా సార్," అన్నాను. "గుంటూరులో చేరతాను. మీరు ఉన్నదున్నట్టు ఒక ఉత్తరం ఇవ్వాలి."

ఆయన మొహం మారింది. "చిన్న నర్సని నా లెటర్ హెడ్ మీద రాసివ్వమంటావా? ఎదురుగా ఇంకో నర్సింగ్ హోం లేస్తోంది. రేపు అది వాళ్ళ చేతిలో పడితే నా గతేంది?"

మీరు అనేవారు కాస్తా నువ్వు అన్నారు. నాకు తప్పనిపించలేదు. నేను చేసింది ఆయన్ను మోసం చేయడమే కదా. అయినా పనిలోంచి తీసెయ్యలేదు. సాయంత్రం టీ కూడా పంపించారు.

బయటికొస్తే పున్నమ్మ. అంతా విన్నట్టుంది. "మొదటి రోజే అనుకున్నాలే," అంది. "పద, ఐదో మంచం ముసలాయన్ను తిప్పాలి."

అక్టోబరు 26

ఉత్తరం ఇవ్వలేదు.

బోర్డు మీద నా పేరు పక్కన హోదా తీసేయమన్నాను. అది మాత్రం తీయించారు. నేను బీపీలు చూస్తాను, మౌలాలీ దగ్గర నరం పట్టడం నేర్చుకుంటాను, ఎవరేమన్నా ఒళ్ళు కడుగుతాను. ఇప్పుడు కడగడానికి భయం లేదు, దాచడానికేమీ లేదు కాబట్టి.

అన్నయ్యకు మాత్రం చెప్పలేదు. బోర్డు మీద హోదా ఏమైందంటే, వానకు చెరిగిపోయిందన్నాను.

నవంబరు 9

ఉత్తరం ఇవ్వలేదు. అప్లికేషన్ కు ఆఖరు తేదీ డిసెంబరు 15.

నవంబరు 24, మంగళవారం

ఇవాళ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఎడ్లపాడు నుంచి ట్రాక్టరులో ఒక కుటుంబం వచ్చింది. ముసలాయనకు పక్షవాతం. చిలకలూరిపేట దగ్గరైనా అక్కడ ఆగకుండా వచ్చారు. వాకిట్లో నిలబడి ఆ ఇంటి కోడలు డాక్టరు గారినే అడిగింది: "నీళ్ళు పోసే ఆసుపత్రి ఇదేనాండీ?"

ఆయనకు అర్థం కాలేదు. "అదేనండీ, నాదెండ్ల యల్లమందకు నీళ్ళు పోసి బతికించారంట గదా. మంచంలో ఉన్నోళ్ళను పుండ్లు పడకుండా తిప్పుతారంట గదా. ఆ నర్సమ్మ ఉందా? ఆమె ఉంటేనే చేర్పించమన్నాడు యల్లమంద."

లండన్ మాట ఎవరూ ఎత్తలేదు.

డాక్టరు గారు తనే ట్రాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆ ముసలాయన్ను చేర్చుకుని, మంచం దగ్గర నా పని అయ్యేదాకా నిలబడ్డారు. తిప్పేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలని అడిగారు కూడా. డాక్టరు గారు నన్ను అడగటం.

నవంబరు 27, శుక్రవారం

ఉత్తరం ఇచ్చారు. 

కవరు అంటించకుండా, చదువుకోమని ఇచ్చారు. ఆయన రాత మందుల చీటీ లాగే ఉంది. "మహమూదా ఇంగ్లండులో రెండేళ్ళ నర్సింగు మాత్రమే చదివారు. మా వద్ద సహాయ నర్సుగా పనిచేస్తున్నారు. ఆమె చేసే పని ఒళ్ళు కడగడం, పక్క మార్చడం, తినిపించడం. ఈ పనిని మా ఆసుపత్రిలో వైద్యంగా లెక్కపెట్టడం నేను ఈ సంవత్సరమే నేర్చుకున్నాను."

ఎవరికీ అక్కర్లేని ఆఖరి వాక్యం రాసిన మనిషిని ఇన్నాళ్ళూ వ్యాపారి అనుకున్నాను. నా లెక్క కూడా తప్పింది. "చదువు అయ్యాక ఎదురు నర్సింగ్ హోంలో చేరావంటే ఊరుకోను," అన్నారు. మళ్ళీ వ్యాపారే. 

1988 జనవరి 7

గుంటూరు స్కూల్లో ఇంటర్వ్యూ. కుదిరితే రెండో సంవత్సరంలో వేసుకోండని అడిగాను. ప్రిన్సిపాల్ అమ్మగారు కుదరదన్నారు. "మొదటి నుంచే. మీ కంటే పన్నెండేళ్ళు చిన్నపిల్లలు మీకు సీనియర్లవుతారు. వాళ్ళు చెప్పినట్టు వినగలరా?"

"పదేళ్ళు విన్నానమ్మా. అలవాటే," అన్నాను. ఆవిడ నవ్వింది. 

సీటు ఇచ్చారు.

జనవరి 21

అందరికీ చెప్పుకున్నాను. మౌలాలీ తన పాత స్టెతస్కోపు ఇచ్చాడు. "నాకు చదువు లేదు గదా, దీన్ని ఎవరికీ చూపియ్యనక్కా, నువ్వు దర్జాగా వేసుకో," అన్నాడు. పున్నమ్మ ఏమీ ఇవ్వలేదు, నా తల మీద చెయ్యి పెట్టింది. 

అన్నయ్యతో "పై చదువు" అన్నాను. హెడ్ నర్సు కంటే పైదట, అని వదినకు ఆయన చెబుతున్నాడు. వెళ్ళేలోపు చెప్తాను.

జనవరి 29

చెప్పలేదు. రేపు.

ఫిబ్రవరి 1, సోమవారం. గుంటూరు, హాస్టలు, సాయంత్రం

పొద్దున అన్నయ్య బస్టాండుకు వచ్చాడు. ట్రంకు పెట్టె బస్సు పైకి ఎక్కించి, కిటికీ దగ్గర సీటు పట్టించి, కింద నిలబడ్డాడు. డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు. ఇంకో నిమిషం ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"అన్నయ్యా, ఇది పై చదువు కాదు. మొదటి నుంచి చదవబోతున్నా. అక్కడ నేను చదివింది రెండేళ్ళదే. చిన్న నర్సుని. పదేళ్ళూ ఒళ్ళు కడిగే పనే చేశాను. నర్సునని నాన్నకు గొప్పగా రాసుకున్నా. ఆయన నన్ను పెద్ద నర్సని నమ్మే పోయాడు."

అన్నయ్య మొహం చూడటానికి ధైర్యం లేక ఆయన చేతుల వంక చూశాను. గోళ్ళల్లో గ్రీజు.

"నాన్న పోయిన్నాడు మయ్యత్తుకు గుసుల్ స్నానం చేయించింది నేనూ, ఫరీద్ మామేగా," అన్నాడు. "ఆ టయాన ఒంటి మీద చూసింది బయట చెప్పగూడదంటారు. మంచిదైతే చెప్పొచ్చులే. ఫరీద్ మామ ముప్ఫయ్యేళ్ళ బట్టి ఊళ్ళో అందరికీ చేయిస్తన్నాడా? నాన్నను పక్కకు తిప్పి, వీపు చూసి, చెంబు పట్టుకుని అట్టనే నిలబడిపోయాడు. ఏడాదిన్నర మంచంలో ఉన్న మనిషికి ఒక్క పుండు లేదు, ఒక్క మచ్చ లేదు, ఇట్టాంటి ఒళ్ళు నేనెప్పుడూ చూళ్ళేదురా అహ్మదూ అన్నాడు. ఎవరు చూసుకున్నారురా అన్నాడు. మా చెల్లెలు, నర్సు అన్నా."

కండక్టరు విజిలేశాడు.

"నమ్మి పోయాడంటావేందే," అన్నాడు అన్నయ్య. "ఒంటి మీద చూపిచ్చి పోయాడు." అని, వెనక్కి తిరిగి చూడకుండా షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. 

ఫిరంగిపురం దాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పక్క సీటులో పెద్దావిడ ఓర్చుకుని ఓర్చుకుని అడిగింది. "ఎవరన్నా పోయారా తల్లీ?"

"లేదమ్మా," అన్నాను. "నర్సు చదువుకు చేరడానికి పోతున్నా."